తొడలోంచి ముక్క తీస్తారట, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: నాకు 66 ఏళ్ళు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. రోజూ గంటసేపు నడుస్తాను. ఒక విశ్వవిద్యాలయంలో కండరాల మీద పరిశోధన చేసే ఆవిడ 60 దాటినవాళ్ళు కావాలంటే ఉత్సాహంగా పేరిచ్చాను. ఇప్పుడు పన్నెండు పేజీల కాగితాలు చేతికొచ్చాయి. ఒక మోకాలు రెండు వారాలు వంగకుండా బ్రేస్ కడతారట. తర్వాత ఎనిమిది వారాలు వ్యాయామం చేయిస్తారట. మధ్యమధ్య నాలుగుసార్లు తొడ కండలోంచి సూదితో ముక్క తీస్తారట. భారజలం తాగిస్తారట. రోజుకు రెండుసార్లు ఇచ్చే పానీయంలో ప్రొటీన్ ఉందో లేదో మాకు చెప్పరట. మా ఆవిడ "కోరి కాలు కోయించుకుంటారా?" అని కోప్పడుతోంది. కండ తీస్తే కాలు నీరసపడదా? భారజలం అణు కేంద్రాల్లో వాడేది కదా? ప్రొటీన్ ఇచ్చే గుంపులో పడితే కండ తగ్గదు కదా? ఇంతా చేసి నాకేమిటి లాభం? గురువారం సంతకం పెట్టాలి. నాకు షుగర్ లేదు. బీపీ మాత్ర, రక్తం పలచబడే చిన్న మాత్ర ఒకటి వేసుకుంటాను, అంతే.

జవాబు: మాస్టారూ, మీరు అడిగిన నాలుగింటికీ జవాబు చెబుతాను గానీ, అడగకుండా వదిలేసిన దానితో మొదలుపెట్టనివ్వండి. ఉత్తరం ఆఖర్న "రక్తం పలచబడే చిన్న మాత్ర, అంతే" అన్నారు. సైజు చిన్నదే కావచ్చు, ఈ వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద సంగతి అదే. అలాంటి మందు వేసుకునే మనిషి కండలోంచి ముక్క తీస్తే లోపల నెత్తురు త్వరగా ఆగక గూడుకట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే వార్‌ఫరిన్ లాంటివి వాడేవాళ్ళను ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా మొదట్లోనే వద్దంటారు. ఆస్పిరిన్ అయితే ఒక్కో ల్యాబుది ఒక్కో పద్ధతి. మీది ఏ మాత్రో రాయలేదు. రేపు పొద్దున్నే ఆ పరిశోధకురాలికి ఫోన్ చేసి మాత్ర పేరు, డోసు, అసలు ఎందుకు మొదలుపెట్టారో చెప్పండి. ప్రయోగం కోసమని మీ అంతట మీరు దాన్ని ఆపకండి. గుండెకో మెదడుకో కాపలాగా డాక్టరు పెట్టిన మందు అది, ఎవరి రీసెర్చి కోసమూ మానెయ్యడానికి వీల్లేదు. మీరు పనికిరారని ఆవిడ అంటే చిన్నబుచ్చుకోకండి, ఆవిడ తన పని సరిగ్గా చేస్తోందన్నమాట.

ఆ గండం గట్టెక్కిందనుకుని మిగతావి మాట్లాడుకుందాం. నేను పదకొండేళ్ళు ఇలాంటి ల్యాబులోనే పనిచేశాను. ఇతరుల తొడల్లోంచి తీసిన ముక్కలు వందల్లో చూశాను. నా తొడ మీద కూడా మూడు మచ్చలున్నాయి, ఒక్కోటి వడ్లగింజంత. కాబట్టి సూది సంగతి పుస్తకం చూసి చెప్పడం లేదు.

మిమ్మల్ని మంచం మీద పడుకోబెడతారు. తొడకు బయటివైపు, తుంటికీ మోకాలికీ మధ్య, పెన్నుతో గుర్తు పెడతారు. అయోడిన్ పూస్తారు, చల్లగా తగులుతుంది. తర్వాత తిమ్మిరి మందు ఇంజెక్షన్. నన్నడిగితే మొత్తం తతంగంలో నొప్పి అనదగ్గది ఇదొక్కటే, కందిరీగ కుట్టినట్టు ఓ పది సెకన్లు మంట. కాసేపు ఆగి అర సెంటీమీటరు గాటు పెడతారు. అది తెలియను కూడా తెలియదు. ఆ గాటులోంచి పెన్సిల్ కన్నా కాస్త సన్నగా ఉండే బోలు సూదిని లోపలికి పంపుతారు. దాని పక్కన చిన్న కిటికీ ఉంటుంది. సిరంజితో గాలి లాగగానే కండ ఆ కిటికీలోకి ఉబ్బుతుంది, లోపలున్న గొట్టం అంచు కత్తిలా దిగి దాన్ని తెంపుతుంది. రెండు మూడు సెకన్ల పని. ఆ క్షణంలో కలిగేదాన్ని నొప్పి అనలేను. ఎవరో తొడ లోపలికంటా వేలితో నొక్కినట్టు, పిక్క పట్టేయబోయి ఆగిపోయినట్టు ఓ వింత బరువు. తిమ్మిరి మందు చర్మానికీ కండ మీది పొరకీ మాత్రమే ఇస్తారు. కండలోకి ఇస్తే తీసిన ముక్క పరీక్షకు పనికిరాకుండా పోవచ్చు. అందుకే ఆ బరువు తెలుస్తుంది.

ఇక అక్కణ్ణించి మీ మొహం ఎవరూ చూడరు. ఒకరు మీ తొడను గట్టిగా నొక్కిపట్టుకుంటారు, మిగతా అందరి కళ్ళూ ఆ ముక్క మీదే. నెత్తురు అద్ది, పట్టకారుతో కొవ్వు పోగులు తీసేసి, సెకన్లలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పడేస్తారు. బుస్సుమని పొగ లేస్తుంది. ఎందుకంత హడావుడంటే కండ ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థాన్ని కరిగిస్తుంది, లాక్టేట్ తయారు చేస్తుంది. ఫొటో తీసినట్టు దాన్ని ఉన్నపళంగా ఆపెయ్యాలి. ఆలస్యమైతే మీ కండ గురించి కాదు, ట్రేలో చచ్చిపోతున్న కండ గురించి పరిశోధన చేసినట్టు అవుతుంది.

కాలు నీరసపడుతుందా అన్నారు. ఇది మీ సబ్జెక్టే కాబట్టి లెక్కేద్దాం. తొడ ముందుభాగపు కండలు ఒక కాలికి కిలోన్నర అనుకోండి. తీసే ముక్క 100 మిల్లీగ్రాములు. అంటే పదిహేను వేలలో ఒక వంతు. ఇంకో లెక్క నాకు మరీ ఇష్టం. కండలో అయిదో వంతు ప్రొటీన్, కిలోన్నరకు 300 గ్రాములు. కండ తన ప్రొటీన్‌ను రోజుకు దాదాపు ఒక శాతం కూల్చి కొత్తగా కట్టుకుంటుంది. అంటే రోజుకు 3 గ్రాములు, నిమిషానికి సుమారు 2 మిల్లీగ్రాములు. మీ దగ్గర తీసిన ముక్కలో ఉన్న ప్రొటీన్ 20 మిల్లీగ్రాములు. గాటు మీద నొక్కిపెట్టిన నర్సు పది నిమిషాలకు చెయ్యి తీసేసరికి ఆ తొడ అంత ప్రొటీన్‌ను ఎటూ కొత్తగా కట్టేసి ఉంటుంది. చిల్లు అప్పటికే పూడిపోయిందని కాదు, లోపల మానడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు మూడు రోజులు బల్ల కోణం తగిలినట్టు సలుపుతుంది, మెట్లు దిగేటప్పుడు గుర్తొస్తుంది. కమిలిపోవడం మామూలే. చీము పట్టడం, చర్మం మీద ఓ రూపాయి బిళ్ళంత మేర స్పర్శ తగ్గడం లాంటివి అరుదు, కానీ ఉన్నాయి. సమ్మతి పత్రంలో అవి రాయకపోతే అడగండి.

భారజలం గురించి మీరు విన్నది అబద్ధమేమీ కాదు. కొన్ని రకాల రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి వాడేది ఆ నీరే. కానీ దానికి రేడియోధార్మికత లేదు. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ ఉంటుంది, భారజలంలో ఉండే డ్యూటీరియం అనే బరువు హైడ్రోజన్‌లో దానికి తోడు ఒక న్యూట్రాన్ ఉంటుంది. బరువు పెరిగింది తప్ప అది విడిపోదు, కిరణాలు వెదజల్లదు. మనం తాగే మంచినీళ్ళలోనూ దాదాపు ప్రతి 6,400 హైడ్రోజన్లకు ఒకటి అలాంటిది ఉంటుంది. 1931లో హెరాల్డ్ యూరీ దాన్ని కనిపెట్టాడు. 1934లోనే హెవెషీ, హోఫర్ అనే ఇద్దరు భారజలాన్ని మనిషికి తాగించి, ఒంట్లో నీరు ఎన్నాళ్ళుంటుందో కొలిచారు. ఇంచుమించు పది రోజులకు సగం బయటికి పోతుంది.

దాన్ని మీ చేత ఎందుకు తాగిస్తున్నారంటే, క్లాసులో ఫలానా తేదీ తర్వాత చేరిన పిల్లలందరికీ ఎర్ర బ్యాడ్జీ ఇచ్చారనుకోండి. నెల తర్వాత ఒక ఫొటో తీసి బ్యాడ్జీలు లెక్కపెడితే కొత్తగా ఎంతమంది చేరారో తెలిసిపోతుంది. ఒంట్లో నీటిలో ఉన్న డ్యూటీరియం, శరీరం తయారు చేసుకునే అలనిన్ అనే అమైనో ఆమ్లంలోకి ఎక్కుతుంది. ఆ అలనిన్‌తో కట్టిన ప్రతి కొత్త ప్రొటీన్ మీదా ఆ బ్యాడ్జీ ఉంటుంది. మొదటి ముక్కకీ రెండో ముక్కకీ మధ్య ఎన్ని బ్యాడ్జీలు పెరిగాయో, అంత కొత్త కండ. అందుకే ముక్కలు ఒకటికి నాలుగు కావాలి. ఈ బ్యాడ్జీల ఆలోచన 1930ల్లో రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే జీవరసాయన శాస్త్రవేత్తది. పెద్దవాళ్ళ ఒళ్ళు ఒకసారి కట్టిన ఇల్లు లాంటిదనీ, తిండి దానికి వంటచెరకు మాత్రమేననీ అనుకునే రోజుల్లో, ఇల్లే రోజూ ఇటుక ఇటుకా మారుతోందని చూపించాడాయన. మీకు ఒంటి నీటిలో ఒకటి రెండు శాతం మించకుండా ఇస్తారు. ఒక్కసారే గటగటా తాగితే తల తిరుగుతుంది, అందుకే కొంచెం కొంచెంగా గంటల తరబడి తాగిస్తారు. తిరిగినట్టనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి.

ఒక్క కాలికే బ్రేస్ ఎందుకో మీరు అడగలేదు, కానీ మీకు నచ్చే సంగతి. 1960ల్లో స్టాక్‌హోమ్‌లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అని ఇద్దరు వైద్య పరిశోధకులుండేవారు. ఫ్రాన్సులో డుషెన్ అనే ఆయన అంతకు దాదాపు వందేళ్ళ ముందు చేయించిన సూది లాంటిదాన్ని బెర్గ్‌స్ట్రోమ్ 1962లో మళ్ళీ వాడుకలోకి తెచ్చాడు. మీ తొడలోకి వచ్చేది కూడా చాలావరకు అదే. 1966లో ఆ ఇద్దరూ ఒకే వ్యాయామ సైకిలుకు చెరోపక్కనా చేరి, ఒక్కొక్కరు ఒక్క కాలితోనే, ఇక తొక్కలేని స్థితికి వచ్చేదాకా తొక్కారు. రెండు కాళ్ళలోంచీ ముక్కలు తీయించుకున్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ దాదాపు అడుగంటింది, ఊరికే ఉన్న కాలిలో కదల్లేదు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నారు. పనిచేసిన కాలు రెండో కాలి కన్నా దాదాపు రెట్టింపు గ్లైకోజెన్ దాచుకుంది. రెండు కాళ్ళకూ అందింది ఒకే నెత్తురు, ఒకే తిండి, ఒకే హార్మోన్లు. మారింది ఒక్కటే, పని. అంటే "దాచుకో" అన్న మాట పైనుంచి రాలేదు, పనిచేసిన కండలోనే పుట్టింది. ఒక్క చలరాశి తప్ప మిగతావన్నీ స్థిరంగా ఉంచడానికి ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఏముంటుంది? మీ ప్రయోగంలో మీ రెండో కాలిది ఆ పాత్రే.

సూది, భారజలం అయ్యాయి. మీ ఆవిడ కోపపడాల్సింది నిజానికి బ్రేస్ మీద. పన్నెండు పేజీల్లో దాని గురించి బహుశా రెండు వాక్యాలే ఉంటాయి, ఎందుకంటే అందులో నెత్తురు లేదు. కానీ మీ ఒంటికి ఖరీదైనది అదే.

కదలని కండ ఎంత వేగంగా కరుగుతుందో నమ్మబుద్ధి కాదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో కుర్రాళ్ళ కాలికి కట్టు వేసి చూశారు. అయిదు రోజులకే తొడ కండ అడ్డుకోత వైశాల్యం 3.5 శాతం తగ్గింది, బలం 9 శాతం. పద్నాలుగు రోజులకు వైశాల్యం 8 శాతం పైన, బలం 23 శాతం. అది కుర్రాళ్ళ సంగతి, వాళ్ళకు తిరిగొస్తుంది. కోపెన్‌హాగెన్‌లో కుర్రాళ్ళకూ పెద్దవాళ్ళకూ రెండేసి వారాలు కాలు కట్టి, తర్వాత నాలుగేసి వారాలు వ్యాయామం చేయించారు. కుర్రాళ్ళ కండ మొదటి స్థితికి వచ్చింది, పెద్దవాళ్ళది అంతగా కోలుకోలేదు. డల్లాస్‌లో 1966లో ఇరవయ్యేళ్ళ వయసున్న అయిదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే అయిదుగురిని పరీక్షిస్తే, ప్రాణవాయువును వాడుకునే వాళ్ళ గరిష్ఠ సామర్థ్యాన్ని ఆ మూడు దశాబ్దాల కన్నా ఆ మూడు వారాలే ఎక్కువ దిగలాగాయని తేలింది. నేను ల్యాబులో ఉండగా ఈ వాక్యాన్ని ఎవరికి చెప్పినా ఒకసారి వెనక్కి తిరిగి మళ్ళీ చెప్పమనేవారు.

అంతమాత్రాన వద్దనడం లేదు. ఎనిమిది వారాల వ్యాయామం పెట్టారంటే ఆవిడకు ఈ సంగతి తెలుసన్నమాట. మీరు అడగాల్సిందల్లా, ఆ వ్యాయామం పక్కన మనిషి ఉండి చేయిస్తారా, లేక కాగితం మీద రాసిచ్చి ఇంటికి పంపిస్తారా అని. బలం మొదటి స్థాయికి రాకపోతే ఎనిమిది వారాల తర్వాత కూడా కొనసాగిస్తారా? ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే నేనైతే సంతకం పెట్టను. కాలు కదలకుండా ఉంటే పిక్కలోని సిరల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం కూడా కొంత ఉంది. మీ చిన్న మాత్ర ఎందుకిచ్చారో చెప్పమన్నది ఇందుకు కూడా. గతంలో అలాంటి గడ్డ ఏర్పడినందుకే ఇచ్చి ఉంటే, సూది మాట దేవుడెరుగు, బ్రేసే మీకు పడదు. బ్రేస్ ఉన్న రోజుల్లో పిక్క వాచినా, నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా పొద్దున దాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారో నంబరు ముందే రాయించుకోండి.

ప్రొటీన్ గుంపులో పడితే కండ తగ్గదు కదా అన్నారు. అది తేలిన విషయమైతే ఆవిడకు మీ తొడతో పనే లేదు. పానీయంలో ఏముందో దాచేది కూడా అందుకే. తెలిస్తే మీరు ఒక రకంగా, వాళ్ళు ఒక రకంగా ప్రవర్తిస్తారు. కాకపోతే ఆశలు మరీ పెంచుకోకండి. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో సగటున 87 ఏళ్ళున్న, వృద్ధాశ్రమాల్లో ఉండే వందమందిని తీసుకున్నారు. పది వారాలు కొందరికి బరువులతో వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాయామం చేసినవాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది. పానీయం ఒక్కటే తాగినవాళ్ళ నీరసం తీరలేదు. మరో ప్రయోగంలో పెద్దవాళ్ళకు కట్లూ బ్రేసులూ ఏమీ లేవు, రెండు వారాలు నడక మాత్రం రోజుకు 1,400 అడుగులకు తగ్గించారు. అంతే, తిన్న ప్రొటీన్‌తో కండ కట్టుకునే వేగం నాలుగో వంతు పడిపోయింది. ప్రొటీన్ ఇటుకలైతే కదలిక మేస్త్రీ. మేస్త్రీ రాని రోజు ఇటుకలు ఎన్ని దింపినా గోడ లేవదు. ఏ గుంపులో పడ్డా ఇంట్లో విడిగా ప్రొటీన్ పొడి మాత్రం కలుపుకోకండి. మీకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, ఆవిడ లెక్కలన్నీ పాడవుతాయి.

అసలు హింస తిండి డైరీది, ముందే చెబుతున్నా. ప్రతి ముద్దా తూచి రాయాలి. మా దగ్గర ఒక పెద్దాయన నాలుగు బయాప్సీలకు, అంటే నాలుగుసార్లు ముక్క తీసినా, కిక్కురుమనలేదు, డైరీ మొదటి పేజీ శ్రద్ధగా నింపి, తర్వాత పన్నెండు రోజులూ "నిన్నటిలాగే" అని రాసుకొచ్చాడు. మేం తలలు పట్టుకున్నాం. మీరు జవాబు పత్రాలు దిద్దిన మనిషి, మీకు ఓపిక ఉంటుందనుకుంటాను.

లాభం ఏమిటంటే, సూటిగా చెప్పాలంటే మీకు పెద్దగా ఏమీ లేదు. ఇది వైద్యం కాదు. స్కాన్‌లో మీ కండ ఎంత, కొవ్వు ఎంత, ఎముక సాంద్రత ఎంత అన్నది తెలుస్తుంది, ఆ కాగితాలు మీకిమ్మని అడగండి. తుంటి విరిగి నెలలపాటు మంచం పట్టే పెద్దవాళ్ళకు ఏం పెట్టాలి, ఎప్పుడు లేపాలి అన్నది ఇలాంటి తొడల నుంచే తెలుస్తోంది. అది మీకు చాలనిపిస్తే చేరండి. మొహమాటానికి మాత్రం చేరొద్దు. మధ్యలో, బ్రేస్ కట్టిన మూడో రోజైనా సరే, కారణం చెప్పకుండా మానుకునే హక్కు మీకుంది. అది ఆ పన్నెండు పేజీల్లో రాసి ఉండాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, దెబ్బ తగిలితే చికిత్స ఖర్చు ఎవరిది, మిగిలిన కండ ముక్కను తర్వాత ఇంకెందుకైనా వాడతారా, ఇవి కూడా ఉండాలి.

గురువారం అన్నది వాళ్ళ గడువు, మీది కాదు. ఇంకో వారం కావాలంటే అడగండి. వెళ్ళేటప్పుడు మీ ఆవిడను వెంట తీసుకెళ్ళి, ఆ సూదిని ఆవిడ చేతికిచ్చి చూపించమనండి. చాలామందికి దాన్ని చూశాక భయం సగం తగ్గుతుంది. కొందరికి పెరుగుతుంది, అదీ తెలుసుకోదగ్గదే. బయాప్సీ రోజున వదులుగా ఉండే నిక్కరు వేసుకోండి, బండి మీరు నడపకండి, రెండు మూడు రోజులు ఆ కట్టు తడవనివ్వకండి. మాత్ర సంగతి ఆవిడ ఏమన్నదో నాకు ఒక ముక్క రాయండి.